మా యింటి నిద్ర లెక్క

నిద్రనుగూర్చి వ్రాయుటకు నీకు గల యర్హత యేమని చదువరులు నన్నడుగవచ్చును. ఇరువది సంవత్సరములకు పైగా పాఠశాలలో కునికిపాట్లు పడువారిని మేలుకొల్పుటయే నా వృత్తిలో సగము పని యైనది. విద్యార్థికి కాకికున్నంత పట్టుదలయు, కొంగకున్నంత యేకాగ్రతయు, కుక్కకున్నంత తేలికనిద్రయు నుండవలెనను భావముగల సంస్కృత సుభాషితము నొకదానిని ఏటేట తరగతిలో వ్యాఖ్యానించుచు, కుక్కనిద్ర యను మాట వచ్చినపుడు బల్లపై చేతితో కొట్టుచుంటిని. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేవనివాడు జీవితములో పైకి రాడని బోధించుచుంటిని. నేను మాత్రము ఆరు గంటలకు లేచుచుంటిని. ఈ వైరుధ్యమును బాన్సువాడలో నెవ్వరును గమనింపలేదు. నేనును గమనింపలేదు.

దానిని గమనింపజేసినది గడచిన మాఘమాసములో మా వంటయింట జరిగిన యొక చిన్న ప్రమాదము. అవి పెండ్లిండ్ల దినములు. నా భార్య యింటివద్దనే కుట్టుమిషను పెట్టుకొని జాకెట్లు కుట్టును. ఆ దినములలో నామెకు పనికి విరామ ముండదు. ఆ యుదయమున నేను వరండాలో కూర్చుండి పత్రిక చదువుచుండగా లోపల గిన్నె పడిన చప్పుడైనది. పోయి చూతును గదా, పాలు పొంగి పొయ్యి ఆరిపోయినది. ఆమె గోడ కానుకొని నిలుచున్నచోటనే కునుకు తీసి, పాలు పొంగిన చప్పుడునకు ఉలికిపడి చేయి చాపగా, గిన్నె యొరిగి వేడిపాలు మణికట్టుపై పడినవి. చేతిపై చన్నీళ్ళు పోయుచు "ఏమైంది?" అని యడిగితిని. "ఏం లేదు, జర రెప్ప వాలింది. గంతే" అని యామె నవ్వినది. ఆరిన పొయ్యినుండి గ్యాసు వచ్చుచునే యున్నదని వాసన తగిలిన తరువాతగాని మా యిద్దరిలో నెవ్వరికిని తెలియలేదు.

గాయము పది దినములలో మానినది. నా మనసు మాత్రము కుదుటపడలేదు. తరగతిలో కన్నుమూసిన పిల్లవానిని బెంచీ యెక్కించు నేను, నా యింట నిలువుననే నిద్రపోవుచున్న మనిషిని ఎన్నాళ్ళుగా చూడకుంటిని? ఉపాధ్యాయునకు బాగుగా వచ్చిన విద్య హాజరు వేయుట. పాత హాజరుపట్టికలో మిగిలిన కాగితములు తీసి, గడులు గీసి, పదునైదు దినములు మా యింటివారి నిద్రకు లెక్క వ్రాయ నారంభించితిని. నాకొక గడి, నా భార్యకొక గడి, ఇంటర్మీడియట్ చదువుచున్న మా యమ్మాయికొక గడి. మా యమ్మకు గడి గీయలేదు. ముసలివారికి నిద్ర యెటులను పట్టదు, వారికి లెక్క యేమిటని తలచితిని. ఈ తలపును చదువరులు జ్ఞాపకముంచుకొన గోరుచున్నాను.

పదునైదు దినములు గడచిన పిమ్మట కూడి, భాగించి చూచితిని. నా నిద్ర రాత్రికి సగటున 7 గంటల 20 నిమిషములు. అమ్మాయిది 6 గంటల 30 నిమిషములు. నా భార్యది 4 గంటల 50 నిమిషములు. అదియును ఒక్క ముక్క కాదు. పదకొండు దాటువరకు మిషను. ఒంటిగంట కొకమారు, మూడింటి కొకమారు మా యమ్మను చేయిపట్టి మరుగుదొడ్డికి తీసికొనిపోవుట. నాలుగున్నర దాటగనే లేచి వాకిలి యూడ్చి సాన్పి చల్లుట, నీళ్ళు పట్టుట, పొయ్యి వెలిగించుట. నా నిద్రనో, ఆ పదునైదు దినములలో నొక్కనాడును ఎవ్వరును భంగపరచలేదు. రాత్రి మా యమ్మ పిలుచుట నాకు వినబడలేదని కాదు. ఆ పిలుపు నన్ను గాదని నా చెవి యెన్నడో నిర్ణయించుకొన్నది.

ఆ కాగితమును నా భార్యకు చూపితిని. ఆమె చూచి, "నాకు గింతే అలవాటైంది. ఎక్కువ పండుకుంటే తలకాయ నొస్తది" అన్నది. ఒప్పుకొనుటకు ఎంత సుఖమైన మాట! అలవాటైనదానిని కష్టమనరాదు గదా. నేనును ఆ మాటతోనే పుస్తకము మూసియుందును. కాని లెక్క వ్రాయుచున్న దినములలోనే నిద్రనుగూర్చి శాస్త్రజ్ఞులు వ్రాసినదానిని చదువ మొదలుపెట్టియుంటిని. అది నన్ను మూయనీయలేదు.

2015లో అమెరికాదేశపు నిద్రావైద్యుల సంఘమును, నిద్రాపరిశోధకుల సంఘమును కలిసి, అంతవరకు ప్రకటితములైన పరిశోధనలను పరిశీలించి, పదునెనిమిది మొదలు అరువది యేండ్లవరకు వయసుగలవారికి నిత్యమును రాత్రికి 7 గంటలకు తక్కువ కాని నిద్ర కావలెనని నిర్ణయించినవి. ఆ యేడే అక్కడి జాతీయ నిద్రాసంస్థ, పెద్దలకు 7 మొదలు 9 గంటలనియు, అరువదియైదేండ్ల వయసు వచ్చినవారికి 7 మొదలు 8 గంటలనియు చెప్పినది. నిద్రను నిత్యము ఇంతకు తగ్గించుకొనువారిలో స్థూలకాయము, మధుమేహము, రక్తపుపోటు, గుండెజబ్బు, పక్షవాతము, మనోవ్యాకులత యనునవి హెచ్చుగా గానవచ్చుచున్నవి. రోగములను ఎదిరించు శక్తి తగ్గును. పనిలో తప్పులును, ప్రమాదములును పెరుగును. ఆ ప్రమాదములలో పాలగిన్నె మిక్కిలి చిన్నది. తెల్లవారుజామున లారీ నడుపువాడు రెప్ప వాల్చినచో అంతటితో పోదు.

ఇన్ని గంటలు కావలసిన కారణమేమి? మేలుకొన్నంతసేపును మెదడులో అడినోసిన్ అను పదార్థము కూడుచుండును. అది కూడినకొలది నిద్ర ముంచుకొని వచ్చును. నిద్రలో అది తరిగిపోవును. చాయలోని కెఫీన్ ఆ పదార్థము పనిచేయవలసిన తావులను కొంతసేపు ఆక్రమించుకొనును. అది బాకీ తీర్చదు, బాకీ వసూలునకు వచ్చినవానిని వాకిట నిలిపియుంచును, అంతియే. ఇదిగాక మెదడులో నొక గడియారము గలదు. అది వెలుతురునుబట్టి తన్ను తాను సరిదిద్దుకొనుచు, నిద్రకు వేళ యైనదనియు, మెలకువకు వేళ యైనదనియు శరీరమునకు తెలుపుచుండును. జీవకణములలో నిట్టి గడియారమును నడుపు యంత్రాంగమును పండ్లయీగలలో కనుగొన్నందుకు హాల్, రాస్‌బాష్, యంగ్ అను ముగ్గురికి 2017లో నోబెల్ బహుమానము వచ్చినది. పడకలో ఫోనుయొక్క వెలుతురును కన్నుల కెదురుగా పట్టుకొన్నచో, ఈ గడియారము ఇంకను ప్రొద్దు క్రుంకలేదని భ్రమపడును.

నిద్రయు మొదలునుండి చివరవరకు ఒక్కతీరుగా నుండదు. సుమారు 90 నిమిషముల కొక ఆవృత్తముగా సాగును. రాత్రి మొదటిభాగమున గాఢనిద్ర హెచ్చు. చివరిభాగమున కలలనిద్ర హెచ్చు. మూసిన రెప్పలక్రింద కన్నులు వేగముగా కదలు ఈ కలలనిద్రను 1953లో చికాగో విశ్వవిద్యాలయమునందలి అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనువారు లోకమునకు తెలిపిరి. పగలు నేర్చినది మనసులో కుదురుకొనుటకు నిద్రలో నీ రెండు భాగములును తోడ్పడును. కావున ఆరింటికి లేవవలసినవానిని నాలుగింటికి లేపినచో వాడు కోల్పోవునది ఏవో రెండు గంటలు మాత్రమే కాదు, కలలనిద్రలో పెద్దభాగము. చదివినది నిలుచుటకు జరుగవలసిన పనిని ఆపి, ఆ వేళలో మరికొంత చదివించితిని. ఈ వాక్యము వ్రాయుటకు నాకు సిగ్గగుచున్నది.

ఇక నా భార్య చెప్పిన అలవాటు. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారు ఒక పరీక్షను ప్రకటించిరి. ఆరోగ్యవంతులైన పెద్దలను కొందరిని రాత్రికి 4 గంటలు, కొందరిని 6 గంటలు, కొందరిని 8 గంటలు మాత్రమే పడకపై నుండనిచ్చుచు 14 దినములు చూచిరి. ఆరు గంటలును, అంతకు తక్కువయు దొరికినవారి అవధానము దినదినమునకు తరుగుచు, తుదకు ఒకటి రెండు రాత్రులు బొత్తిగా నిద్రలేనివారి స్థితికి దిగజారినది. అంతకంటె ముఖ్యమైన విషయ మింకొకటి గలదు. తాము దిగజారుచున్నామను తెలివి వారికి అంతగా లేదు. మొదటి దినములలో నిద్ర వచ్చుచున్నదనిరి, తరువాత అలవాటైనదన్నట్లు ఊరకుండిరి. త్రాసే చెడినపుడు తూకము తగ్గినదని త్రాసు చెప్పజాలదు. తక్కువ నిద్రతో నిజముగనే చాలినవారు లోకములో లేకపోలేదు. 2009లో అట్టి యొక కుటుంబమున జన్యువులో నొక మార్పును కనుగొనిరి. కాని వారు అత్యంతము అరుదు. మన యూళ్ళలో ప్రతి యిల్లాలును ఆ యరుదైన కుటుంబమునకు చెందినదే యనుట యే లెక్కకును నిలువదు.

ఇదంతయు పడమటివారి మాట యని త్రోసివేయుదమన్నను వీలులేదు. ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము అను మూడును శరీరమునకు ఊతకంబములని చరకసంహిత చెప్పుచున్నది. సుఖదుఃఖములు, పుష్టియు కార్శ్యమును, బలమును బలహీనతయు, జ్ఞానమును అజ్ఞానమును, తుదకు బ్రతుకును చావును నిద్రపై నాధారపడియున్నవని అందు సూత్రస్థానమున ఇరువదియొకటవ అధ్యాయములో నున్నది. మిక్కిలిగా నిద్రించువానికిని, బొత్తిగా మేలుకొనియుండువానికిని యోగము సిద్ధింపదని గీతలో ఆరవ అధ్యాయము చెప్పుచున్నది. నేనీ రెండు గ్రంథములను చదువుకొన్నవాడనే. అయినను తరగతిలో నాకు జ్ఞాపకము వచ్చినది కుక్కనిద్ర యొక్కటియే. మన పట్టుదలకు పనికివచ్చు శాస్త్రమును మాత్రమే మనము జ్ఞాపకముంచుకొందుము.

మన స్త్రీలు పాడుకొను "ఊర్మిళాదేవి నిద్ర" యను పాట యొకటి గలదు. లక్ష్మణుడు అడవిలో పదునాలుగేండ్లు నిద్రమాని యన్నకు కావలి యుండగా, అతని భార్య ఊర్మిళ ఆ పదునాలుగేండ్లును అంతఃపురములో నిద్రించినదట. వాల్మీకి యీ కథను వ్రాయలేదు. చిన్ననాడు వినినపుడు నేనిది వింతకథ యనుకొంటిని. తెల్లవారకముందే తిరుగలి పట్టి, ఆ తిరుగలివద్దనే పాటలు పాడుకొన్న తల్లులకు, ఎవ్వరును లేపని పదునాలుగేండ్ల నిద్ర యెంతటి వైభవముగా తోచియుండునో యని యిపుడు తోచుచున్నది.

మా యిల్లు లోకమునకు వెలి గాదు. 2019లో భారత ప్రభుత్వపు గణాంక కార్యాలయము దేశమందంతటను ప్రజలు కాలమును గడపు తీరునుగూర్చి సర్వే జరిపినది. జీతములేని యింటిపనిలో పాల్గొను స్త్రీలు దానికై దినమునకు సగటున 299 నిమిషములును, పాల్గొను పురుషులు 97 నిమిషములును వెచ్చించుచున్నారని తేలినది. దినమునకు గంటలు ఇరువదినాలుగే. ఇంటిపనికి అయిదు గంటలు పోయి, కూలికో కుట్టుకో మరియెన్నియో పోయినపుడు, తరిగించుకొనుటకు మిగులునది నిద్రయొక్కటే. మా వీధిలో భర్త దుబాయిలో పనిచేయుచున్న యిల్లాలొకతె గలదు. అక్కడి గడియారము మన గడియారమునకు గంటన్నర వెనుక. ఆతడు పని ముగించి, వండుకొని తిని ఫోను చేయువేళకు ఇక్కడ పదకొండున్నర యగును. పిల్లల బడికి ఆమె అయిదింటికి లేవవలెను. ఆ సంసారమున డబ్బు లెక్క వ్రాయుదురు గాని, ఆ యిద్దరి నిద్ర లెక్క యెవ్వరును వ్రాయరు.

చదివినది చాలునని, మా యింట పనులు మార్చితిని. ఒక రాత్రి విడిచి యొక రాత్రి అమ్మను లేపి తీసికొనిపోవుట నా వంతు. ఉదయమున నీళ్ళు పట్టుటయు, పొయ్యి వెలిగించుటయు నావి. మిషను తొమ్మిదిన్నరకు ఆగవలెను. దానివలన నెలకు కొంత రాబడి తగ్గినది. తగ్గలేదని వ్రాసినచో అబద్ధమగును. సాయంకాలపు చాయను అందరమును మానితిమి. ఫోనులు రాత్రి వరండాలో పండుకొనుచున్నవి.

దీనికి మా యమ్మ యొప్పుకొనలేదు. మొదటినాడే, "మొగోనితోని నీళ్ళు పట్టిస్తున్నరా? పొద్దు పొడిచినంక గూడ కోడలు పండుకుంటే ఇంట్ల లచ్చిమి నిలుస్తదా?" అన్నది. నేను చరకునినుండి పెన్సిల్వేనియావరకు అన్నియు చెప్పితిని. ఆమె పరదేశపు కథ విన్నట్లు వినినది.

ఆ రాత్రి మూడు గంటలకు నా వంతు. తీసికొనివచ్చి మంచముపై కూర్చుండబెట్టితిని. ఆమె పండుకొనలేదు. చీకటిలోనే మాటలాడ మొదలుపెట్టినది. మంజీరానదిపై 1923లో మొదలై 1931లో పూర్తియైన నిజాంసాగరము మా ప్రాంతమునకు వరి నిచ్చినది గాని, మా చేను మెరక. కాలువనీరు ఎక్కదు. బోరుబావియే దిక్కు. ఆ కాలమున వ్యవసాయమునకు కరెంటు వంతులవారీగా, కొన్ని గంటలు పగలును కొన్ని గంటలు రాత్రియు వచ్చుచుండెను. రాత్రి వంతు వచ్చినపుడు మా బాపు టార్చిలైటు పట్టుకొని చేనికి పోవును. పాముల భయము, తడిచేతులతో స్టార్టరు ముట్టుకొను భయము. ఆయన తిరిగివచ్చువరకు అమ్మ చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టును. వేయి బీడీలు చుట్టినగాని కార్ఖానాలో ఆ దినపు లెక్క కుదురదు. తునికాకు కత్తిరించు చప్పుడు వినుచు మేము పిల్లలము హాయిగా నిద్రపోతిమి. ఆ చప్పుడు మాకు జోలపాట. అది ఆమె మేలుకొనియున్న చప్పుడని నేనెన్నడును తలపలేదు.

తెలంగాణలో 2018 జనవరి 1 మొదలు వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల కరెంటు ఇయ్య నారంభించిరి. దానిని చూచుటకు మా బాపు లేడు. ఆయన పక్షవాతముతో అంతకు ముందే పోయెను. దానికి నిద్రలేమియే కారణమని నేను చెప్పజాలను. ఒక్కరి మరణమునకు ఒక్క కారణము చూపుట శాస్త్రము గాదు. ఆయన నిద్రపోయిన రాత్రులు తక్కువ యని మాత్రము చెప్పగలను.

అన్నియు చెప్పి అమ్మ కొంతసేపు ఊరకుండినది. పిదప, "నీ పెండ్లాం నిద్ర రాసినవు, నీ బిడ్డ నిద్ర రాసినవు. మరి నా నిద్ర లెక్క ఎవరు రాసిండ్రు కొడుకా?" అన్నది.

నాకు జవాబు లేకపోయినది. తెల్లవారిన తరువాత నాలుగవ గడి గీసితిని. వారము దినముల లెక్కలో అమ్మ నిద్ర రాత్రికి నాలుగున్నర గంటలు దాటలేదు. ముసలివారికి తక్కువ నిద్ర చాలుననుట తప్పు. వారి నిద్ర తేలికై, ముక్కలగుట నిజమే గాని, అవసరము అంతగా తగ్గదు. పట్టకపోవుట వేరు, అక్కరలేకపోవుట వేరు. ఈ రెంటిని ఒకటిగా చేసి నేను గడి గీయక విడిచితిని. ఆ కాగితము పట్టుకొని వైద్యునియొద్దకు పోగా, ఆయన ఆమె వేసికొను మందులను చూచి, రక్తపుపోటునకు రాత్రి వేసికొనుచున్న మాత్ర మూత్రమును హెచ్చించునదని చెప్పి, దానిని ఉదయమునకు మార్చెను. ఇపుడామె రాత్రి ఒక్కమారే లేచుచున్నది. ఇన్నాళ్ళును ఇద్దరు స్త్రీల నిద్రను చెరచినది ఒక మాత్ర వేళ. అడిగినవారు లేక అది అట్లే సాగినది.

ప్రస్తుతపు లెక్క యిది. నా భార్యకు 6 గంటల 40 నిమిషములు. అమ్మకు ఆరు గంటలు. అమ్మాయికి ఏడున్నర. నాకు 6 గంటల 50 నిమిషములు. నాకు తగ్గిన అరగంట నాది కాదు, అది చేరవలసినచోటికి చేరినది. ఏడు గంటలకు ఇంకను కొందరము తక్కువే. ఎక్కువ పండుకొన్న తల నొచ్చునన్న మాట మాత్రము నా భార్య నోట ఈ మధ్య వినబడలేదు. తరగతిలో కుక్కనిద్ర శ్లోకమును ఇపుడును చెప్పుచున్నాను గాని, బల్లపై చేయి కొట్టుటలేదు. కునుకు తీయు పిల్లవానిని బెంచీ యెక్కించుటకు మారుగా, రాత్రి యెన్నింటికి పండుకొంటివని యడుగుచున్నాను. వచ్చు జవాబులలో పిల్లల తప్పు నేననుకొన్నంత లేదు.

మొన్నటి ఆదివారమున ప్రొద్దెక్కినను నా భార్య లేవలేదు. పాలవాడు వచ్చి గట్టిగా కేక వేసెను. గడపవద్ద కూర్చున్న మా యమ్మ, "మెల్లగ పిలువు. కోడలు పండుకున్నది" అన్నది. లచ్చిమి మాట యెత్తలేదు.

ఈ వ్యాసము చదువు గృహస్థులారా, మీ యింటను ఒక కాగితము తీసి గడులు గీయుడు. పదునైదు దినములు చాలును. గీసిన పిమ్మట, ఎవ్వరికి గడి గీయక విడిచితిమో ఒకమారు చూచుకొనుడు.